మేనత్తకు కిటికీ సీటు

మా మేనత్త ఇంట్లో ఒక టేబుల్ ఫ్యాను ఉంది. దాని మెడ పట్టేసి చాలా కాలమైంది. అటూ ఇటూ తిరగవలసింది, వాకిలి వైపుకు తిరిగి అక్కడే టకటకా కొట్టుకుంటూ నిలబడిపోతుంది. జమ్మలమడుగు ఎండలు తెలిసినవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. బాగు చేయించమని నాలుగేళ్లుగా చెబుతున్నాను. "గాలి వస్తాంది గదరా, ఇంగేం కావాల నీకు?" అంటుంది అత్త. గాలి వస్తున్న మాట నిజమే. అది వాకిలి పక్కన వేసిన చేతుల కుర్చీకి వస్తుంది. ఆ కుర్చీలో నేను రెండుసార్లు కూర్చున్నాను. అందులో ఒకసారి కరెంటు లేదు.

ఆ కుర్చీ పెద్దల్లుడిది. నేను చిన్నల్లుణ్ణి. అయితే నాకు అల్లుడి హోదా ఉందా లేదా అన్నది ఆ ఇంట్లో ఇంకా తేలలేదు. అత్త మా నాన్నకు సొంత చెల్లెలు. ఆమె చిన్న కూతుర్ని నేను చేసుకున్నాను. పెళ్లికి ముందు ఆ ఇంట్లో గ్యాసు సిలిండరు మోసింది నేనే, పెళ్లయ్యాక మోస్తున్నదీ నేనే. పెద్దల్లుడు పులివెందుల ఆయన, బయటి సంబంధం. ఆయన వస్తే చెంబుతో నీళ్లు, ఉతికిన తువ్వాలు, "కాళ్లు కడుక్కోండి నాయనా" అనే మర్యాద. నేను వస్తే, "వచ్చినావా, ఆ బియ్యం మూట ఎత్తి ఆడ పెట్టు."

మామ పోయి చాలా ఏళ్లయింది కాబట్టి ఈ విషయంలో అప్పీలు చేసుకోవడానికి పైకోర్టు లేదు.

నేను ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను. మా తోడల్లుడు పులివెందులలో అరటి, చీనీ కాయల వ్యాపారం చేస్తాడు. మార్కెట్లో ధర ఎలా నిర్ణయమవుతుందో నేను పిల్లలకు బోర్డు మీద గీత గీసి చూపిస్తాను. ఆయన నిర్ణయిస్తాడు. అందుకోసం నెలకు రెండుసార్లు ఢిల్లీ పోతాడు, విమానంలో. పోయి రావడంలో తప్పేమీ లేదు. వచ్చాక బ్యాగుకు కట్టిన విమానం చీటీ తీసేయవచ్చు కదా అన్నది ఒక్కటే నా అభిప్రాయం. ఒకసారి శ్రావణమాసంలో అందరం గండి ఆంజనేయస్వామి దర్శనానికి పోయాం. పులివెందుల నుంచి గండికి కారులో వచ్చిన ఆ బ్యాగు మెడలో కూడా ఆ తెల్ల చీటీ ఉంది.

పులివెందులలో ఆయన ఇంటికి పోతే హాల్లో కూర్చోబెట్టి విమానం ఎక్కే పద్ధతి చెబుతాడు. అడిగినవాళ్లకే చెబుతాడని అనలేను.

"ముందు విమానమోళ్ల కార్డుండే మమ్మల్ని పిలుస్తారప్పా. ఆ తర్వాత చంటిబిడ్డల తల్లులను. ఆ పైన మిగతా జనం. నేను ఎప్పుడూ మొదటి వరుసే. కాళ్లు చాపుకోవచ్చు, దిగేటప్పుడు ముందు దిగొచ్చు."

"మిగతా జనం" అన్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు. చూడవలసిన అవసరం కనిపించి ఉండదు.

నేనూ విమానం ఎక్కినవాణ్నే. ఒకసారి, సెమినారుకు. మూడు సీట్లలో నడిమి సీటు. అటు ఒకాయన, ఇటు ఒకాయన, ఇద్దరూ నా భుజాల మీద నిద్రపోయారు. ఆకాశం ఎలా ఉందో వాళ్లలో ఎవరూ చూడలేదు, నన్నూ చూడనివ్వలేదు. ఈ అనుభవం పులివెందుల హాల్లో చెప్పదగినది కాదని మాట్లాడలేదు.

నిజానికి సీటు అనే విషయంలో మా ఇంట్లో పేరున్నవాణ్ని నేను. ప్రొద్దుటూరు బస్టాండులో పండగ రోజు జమ్మలమడుగు బస్సు తిరిగి ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసి మూడు సీట్లు పట్టడం చదువుకునే రోజుల్లోనే నాకు చేతనైన పని. దీనికి కొన్ని పద్ధతులున్నాయి. కర్చీఫ్ వేస్తే విలువ ఉండదు, తీసి కింద పారేసి కూర్చుంటారు. పుస్తకం వేయకూడదు, నా ఇంటర్ ఎకనామిక్స్ పుస్తకం అలాగే ముద్దనూరు దాకా పోయింది. తువ్వాలు కొంచెం తడిగా ఉంటే నేరుగా పోయి పడుతుంది. ఒకసారి పడిందంటే ఆ సీటు మీద ఇంకెవరికీ హక్కు లేదు. కాదని కూర్చున్నవాణ్ని బస్సు బస్సంతా చూసే చూపు మళ్లీ వాడు బస్సెక్కేదాకా మరిచిపోడు. ఇవి కాక నీడ లెక్క ఒకటి. పొద్దున పోయేటప్పుడు ఎండ ఏ పక్క కొడుతుంది, సాయంత్రం అదే దారిలో వచ్చేటప్పుడు ఏ పక్క కొడుతుంది, మలుపు తిరిగాక ఎటు మారుతుంది, ఇవన్నీ నాకు కంఠతా వచ్చు.

"మావోడు టవాలేసినాడంటే ఆ సీటు రాసిచ్చినట్టే," అనేది అత్త చుట్టుపక్కల వాళ్లతో. డిగ్రీలో వచ్చిన ఫస్టు క్లాసు గురించి ఆమె ఎవరికీ చెప్పగా నేను వినలేదు. ఇది మాత్రం చెప్పేది. ఆ ఇంట్లో నాకున్న సర్టిఫికెట్ అదొక్కటే.

ఇక ఊరి సంగతి. అత్త పుట్టిన ఊరు, అంటే మా నాన్న ఊరు, కొండాపురం వైపు. గండికోట రిజర్వాయరు నీళ్లలో అది మునిగిపోయింది. ఊరి జనం కాలనీలకు మారారు. నాన్న అంతకు చాలా ముందే ప్రొద్దుటూరు వచ్చేశాడు, అత్త పెళ్లయి జమ్మలమడుగు వచ్చింది. నీళ్లు వచ్చాక ఒకసారి నేనే ఆమెను గట్టు దాకా తీసుకుపోయాను. చాలాసేపు నిలబడి, "నీళ్లే కనపడ్తాండాయి గానీ ఊరు యాడుండేదో ఆనవాలు తెల్లేదురా. పైనుంచి ఎవురన్నా చూస్తే తెలుచ్చాదేమో," అంది. నేను ఊ కొట్టాను. పైనుంచి చూపించడం నా పరిధిలో లేదు.

అది పెద్దల్లుడి పరిధిలో ఉంది. కిందటి ఎండాకాలం ఆయన వచ్చి చేతుల కుర్చీలో కూర్చుని, బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తింటూ, "మీ ఊరు చూసినా అత్తా," అన్నాడు.

అత్త చేతిలో గరిటె ఆగిపోయింది. "యా ఊరు నాయనా?"

"మీ పుట్టినూరే. విమానంలోంచి. నీళ్లు తగ్గిండాయి గదా, గుట్ట కనపడ్తాంది, గుట్ట కింద ఊరు పరుచుకోనున్నట్టు ఆకారం అంతా కనపడ్తాంది."

అత్త కళ్లు తుడుచుకుని ఇంకో రెండు బజ్జీలు వేసింది, ఆయన ప్లేటులో. నేను నా ఉగ్గాని వైపు చూసుకున్నాను. మా తాత ఊరు, మా నాన్న ఊరు. ఎండాకాలం సెలవుల్లో నేను మామిడికాయల కోసం గోడలు దూకి మోకాళ్లు పగలగొట్టుకున్న ఊరు. ఆ గుట్ట ఎక్కి, దిగలేక ఏడ్చింది నేను. దాన్ని పైనుంచి మొదట చూసింది పులివెందుల అరటి వ్యాపారి. దీనిమీద నాకు ఏ అభిప్రాయమూ లేదని ఆ సాయంత్రం నా భార్యతో మూడుసార్లు చెప్పాను. "నేను అడగలేదు గదా బావా," అంది ఆమె.

ఈ సంవత్సరం వేసవిలో హైదరాబాదులో దగ్గరి చుట్టాల పెళ్లి వచ్చింది. వదిన, అంటే తోడల్లుడి భార్య, పెళ్లిపనులకని వారం ముందే పోయింది. మిగిలింది అత్త, తోడల్లుడు, నేను, నా భార్య. ఎప్పుడూ పోయేట్టు బస్సుకే పోదామని నేను అనే లోపల తోడల్లుడు ఫోను తీశాడు.

"అత్తను విమానంలో తీసుకుపోదామప్పా. కడపలో ఎక్కితే గంటంబావు. ఆమె ఊరు చూసినట్టూ ఉంటాది."

అత్త ముఖం చూశాను. డెబ్బై ఏళ్ల మనిషి ముఖంలో అలాంటిది చూడడం అంతకుముందు నాకు తెలియదు. "నాకు కిటికీ సీటు కావాల నాయనా," అంది. "ఇంగేం వద్దు. తిండి ఇయ్యకపోయినా పర్వాల్యా. ఊరు కనపడే పక్క కిటికీ కావాల."

వచ్చేటప్పుడు తోడల్లుడూ వదినా అక్కడినుంచి ఢిల్లీ పోతారు, మేము ముగ్గురం ఎర్రగుంట్లకు రైలు. కాబట్టి విమానం నుంచి ఊరు చూడడమంటే పోయేటప్పుడే చూడాలి. ఇది అందరికీ తెలుసు.

తోడల్లుడు కుర్చీలోనే కూర్చుని ఫోనులో విమానం సీట్ల బొమ్మ తెరిచాడు. అత్త ఆయన భుజం వెనక నిలబడి చూస్తోంది.

"ఇదో, మొదటి వరుస. ఇట్లా కుడిచేతి పక్క కిటికీ మీకు, మీ పక్కన నేను. కుడి పక్కే కనపడ్తాది. నాకు బాగా గుర్తుండాది. ఢిల్లీ నుంచి వస్తా వస్తా, హైదరాబాదులో మారి, కడపలో దిగే ముందర కుడిచేతి పక్కనే చూసినా."

వస్తా వస్తా.

నాకు నీడ లెక్క కంఠతా వచ్చునని చెప్పాను కదా. వచ్చేటప్పుడు కుడిపక్క ఉన్నది పోయేటప్పుడు ఎడమ పక్కకు వస్తుంది. ప్రొద్దుటూరు బస్టాండులో ఒక్క ఎండాకాలం గడిపిన ఎవరికైనా తెలిసే విషయం. ఏసీలో తిరిగేవాళ్లకు ఎండ ఏ పక్క కొడుతుందో చూసుకునే అవసరం ఉండదు.

చెబుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే అత్త, "చూడు, యా పక్కనో కూడా ఎంత బాగా గుర్తు పెట్టుకున్నాడో. సొంతవాళ్లకన్నా ఉందా ఈ యావ?" అంది, నాకేసి చూసి కాదు, కానీ నేను వినేటట్లు.

నోరు మూసుకున్నాను. మంచినీళ్లు తాగాను. ఆ రోజు నేను చేసింది అంతే.

ఇంటికి వచ్చాక నా సీటు, నా భార్య సీటు నేనే ఎంచుకున్నాను. ఎడమ పక్క కిటికీలు అప్పటికే నిండాయి. అన్నిటికన్నా చివరి వరుసలో ఒకటి మిగిలింది. తీసుకున్నాను.

"చివరాఖర్న ఎందుకు బావా?" అంది నా భార్య.

"ఖాళీగా ఉంది."

నా ఆలోచన ఏమంటే, విమానం పైకి లేస్తుంది. మొదటి వరుసలో అత్త కుడి కిటికీలోంచి చూస్తూ ఉంటుంది, ఏమీ కనపడదు. పెద్దల్లుడు నీళ్లు నములుతుంటాడు. అప్పుడు నేను చివరినుంచి లేచి, నిదానంగా ముందుకు నడిచి, "అత్తా, ఇట్లా రా," అని చెయ్యి పట్టుకుని అందరి ముందూ నడిపించుకొచ్చి నా కిటికీ దగ్గర కూర్చోబెట్టి, "అదో చూడు" అంటాను. ఆ నడక నేను వారం రోజులు మనసులో నడిచాను. కాలేజీలో ఇన్విజిలేషన్ చేస్తూ కూడా నడిచాను.

ఆ రోజు పొద్దున్నే కడప విమానాశ్రయం చేరాం. చిన్న హాలు, ఒకటే గేటు. అత్త కొత్త చీర కట్టుకుని, భుజం మీద తువ్వాలుతో వచ్చింది. హాల్లోకి రాగానే మొదట ఆ తువ్వాలు ఒక కుర్చీ మీద, మందుల సంచి ఇంకో కుర్చీ మీద, చెప్పుల కవరు మూడో కుర్చీ మీద పెట్టి, "రాండి రాండి, సీట్లు పట్టినా," అని కేకేసింది. హాల్లో సగం కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"ఈడ ఎవరూ పట్టుకుపోరు అత్తా," అన్నాడు తోడల్లుడు, చుట్టూ చూసి నవ్వుతూ.

"మీకు తెలీదు నాయనా. జనం వచ్చినాక తెలుచ్చాది."

పిలుపు వచ్చింది. కార్డు ఉన్నవాళ్లు, మొదటి వరుసలవాళ్లు ముందు రావాలని. మైకులో ఆమె మాట పూర్తి కాకముందే తోడల్లుడు లేచాడు. అత్తను చెయ్యి పట్టుకుని లేపాడు. అత్త నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"వీళ్లు రారా?"

"వాళ్లను తర్వాత పిలుస్తారు అత్తా. వాళ్లది వెనక."

"వెనకనా?" అని అత్త నన్ను చూసింది. బస్సులో వెనక సీటంటే ఏమిటో ఆమెకు తెలుసు. గుంత వచ్చినప్పుడల్లా తల టాపుకు కొట్టుకునే చోటు. "ఏంరా, నీకు సీటు దొరకల్యా?"

ఆ మాటకు హాల్లో ఒకరిద్దరు నవ్వారు. తోడల్లుడు నవ్వలేదు. నవ్వి ఉంటే కొంత బాగుండేది.

తర్వాత చంటిబిడ్డల తల్లులను పిలిచారు. ఆ తర్వాత మధ్య వరుసలు. గాజు తలుపులోంచి చూస్తే మా తోడల్లుడు ఎండలో అత్తకు గొడుగు పట్టి నడిపిస్తున్నాడు. గొడుగు విమానం వాళ్లదే. అయినా పట్టింది ఆయన. మా వరుస పిలిచేసరికి హాల్లో మేమిద్దరం, నేల తుడిచే ఆమె మిగిలాం.

విమానం చిన్నది. రెక్కల కింద ఫ్యాన్లు తిరిగే రకం. ఇలాంటి విమానానికి తలుపు తోక దగ్గర ఉంటుందని పులివెందుల హాల్లో ఎప్పుడూ చెప్పలేదు. మెట్లెక్కి లోపలికి పోతే మొదట తగిలేది చివరి వరుస. నా సీటు తలుపు పక్కనే. మొదటి వరుస మాత్రం అంత దూరాన, ఆ కొసన. ముందు పిలిపించుకున్నవాళ్లు విమానమంతా నడిచి పోవాలి. దీనికి నేను కొంత సంతోషించానని ఒప్పుకుంటాను.

సంతోషం ఎక్కువసేపు నిలవలేదు. ముందు ఏదో గొడవ వినిపించింది. అందులో గొంతు అత్తది.

"ఈడ టవాలేసిండా గదప్పా, కనపడ్ల్యా నీకు?"

చూస్తే, అత్త తన సీట్లో తాను కూర్చుని, నడవకు అవతల ఎడమ పక్కన ఖాళీగా ఉన్న రెండు సీట్ల మీద తువ్వాలు పరిచింది. ఆ సీటు కొనుక్కుని, ఆలస్యంగా మా వెనకే వచ్చిన పెద్దమనిషి ఆఫీసు బ్యాగు చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పాపం, ఆయన చేతిలో టికెట్టు చూపిస్తున్నాడు. అత్త ఆ కాగితం వైపు చూడడం కూడా లేదు.

"మా అన్న కొడుకు వస్తాండాడు. వానికి సీటు దొరకల్యా. వెనకాల యాడనో పడేసినారు పిల్లోణ్ని. నువ్వు వెనక్కి పో అప్పా, ఆడ శానా ఖాళీగా ఉండాది."

నలభై రెండేళ్ల పిల్లోణ్ని నేను వెనకనుంచి తల మాత్రం నడవలోకి పెట్టి చూస్తున్నాను. ఎయిర్‌హోస్టెస్ పరుగున పోయింది. తోడల్లుడు చెవులు ఎర్రబడి, "అత్తా, ఇది బస్సు కాదు, తీయండి తీయండి," అంటున్నాడు. అత్తకు నేను కనపడ్డాను. విమానం అంతా తిరిగి చూసేటట్టు చెయ్యెత్తి ఊపింది.

"రారా! బిరిన రా! సీటు పట్టినా!"

అది ఎడమ పక్క. మొదటి వరుస. కిటికీ కూడా.

ఆ ఒక్క నిమిషంలో నేను చేయగలిగింది ఒకటుంది. ముందుకు పోయి ఆ పెద్దమనిషికి దండం పెట్టి, "సార్, మా అత్తకు ఆ కిటికీ ఇచ్చి మీరు ఈ కిటికీలో కూర్చోండి, ఆమె పుట్టిన ఊరు ఆ పక్క కనపడుతుంది," అంటే ఆయన కాదనేవాడు కాదు. రెండూ కిటికీలే, రెండూ మొదటి వరుసే. ముఖం చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు. కానీ అలా చేస్తే అత్తకు ఊరు చూపించినవాడు ఆ పెద్దమనిషి అవుతాడు. లేకపోతే విమానం ఎక్కించినవాడు అవుతాడు. నేను వారం రోజులు నడిచిన నడక ఏమవుతుంది?

"నాది ఈడనే అత్తా. నేను ఈడ కూచుంటా," అని గట్టిగా చెప్పి కూర్చున్నాను.

అత్త తువ్వాలు తీసి మడిచి ఒడిలో పెట్టుకుంది. ఆ పెద్దమనిషి కూర్చుని పేపరు తెరిచాడు.

విమానం లేచింది. కాసేపు పడమరగా పోయి మెల్లగా ఉత్తరానికి తిరగడం మొదలుపెట్టింది. నా కిటికీలో కొండలు వచ్చాయి, ఎర్రమట్టి చేలు వచ్చాయి, దూరంగా ఒక తెల్లటి మెరుపు వచ్చింది. సమయమైంది. బెల్టు తీసి లేచాను.

"సర్, కూర్చోండి," అంది ఎయిర్‌హోస్టెస్. ఆమె నాకు మూరెడు దూరంలో, తలుపు దగ్గర మడత కుర్చీలో బెల్టు కట్టుకుని కూర్చుని ఉంది. చివరి వరుసకు ఈ సౌకర్యం కూడా ఉందని సీట్ల బొమ్మలో వేయలేదు.

"ఒక్క నిమిషం మేడమ్, మా అత్త..."

"బెల్టు లైటు ఆరేదాకా ఎవరూ లేవకూడదు సర్."

కూర్చున్నాను. మళ్లీ సగం లేచాను. మళ్లీ "సర్" అంది. ఈసారి ముందు వరుసలవాళ్లు తిరిగి చూశారు.

అప్పుడు నీళ్లు వచ్చాయి. తోడల్లుడు చెప్పినట్టు ఊరు పరుచుకుని ఏమీ లేదు. అది అబద్ధం. ఉన్నది అరచేయంత నీళ్లు, ఆ నీళ్ల అంచున నీరు తగ్గి బయటపడిన గోధుమరంగు నేల. కానీ గుట్ట ఉంది. రెండు తలల గుట్ట. దాన్ని నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. గుట్టకు కిందుగా, అంచు పక్కన, ఊరు అక్కడే ఉండాలి. అత్త అడిగిన ఆనవాలు అదే.

నా భార్య నా మీదుగా వంగి కిటికీలోంచి చూసింది. "బావా, గుట్ట! మన గుట్ట!" అంది. తర్వాత ముందుకు చూసింది. "అమ్మకు ఆ పక్కనుంచి కనపడ్తాందా?"

"కనపడదు."

"మరి ఈ పక్క కనపడ్తాదని నీకెట్లా..." అని ఆపేసింది. నా ముఖం చూసి, తన సీటుకు ఆనుకుని, ఇక హైదరాబాదు దాకా ఆ కిటికీ వైపు చూడలేదు.

లైటు ఆరేసరికి కిటికీలో బీడు నేలలు తప్ప ఇంకేమీ లేవు. అయినా లేచాను. ఎందుకు లేచానో ఇప్పటికీ తెలియదు, వారం రోజులు నడిచిన కాళ్లు కదా. ముందుదాకా పోయాను. తోడల్లుడు కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదని రెప్పలు చూస్తే తెలుస్తోంది. అత్త ముక్కు అద్దానికి ఆనించి కూర్చుని ఉంది. ఆమె ఊపిరికి అద్దం మసకబారితే తువ్వాలుతో తుడిచి మళ్లీ చూస్తోంది. కింద నల్లమల అడవి పచ్చగా పోతోంది. నా అలికిడి విని తల తిప్పకుండానే చెయ్యెత్తింది.

"ఉండు, మాట్లాడాకు. ఇంగా రాలేదు. వస్తాదంట."

నేను వెనక్కి వచ్చి కూర్చున్నాను. గంటసేపు ఆమె అలాగే చూస్తూ ఉందని, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగలేదని తర్వాత తోడల్లుడు చెప్పాడు.

హైదరాబాదులో తలుపు తోక దగ్గర తెరిచారు కాబట్టి అందరికన్నా ముందు మేమే దిగాం. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఏదో ఒకదాంట్లో నేను మా తోడల్లుడి కన్నా ముందుండడం అదే మొదలు. కింద నిలబడి చూస్తే అందరూ దిగాక చివరగా అత్త, ఆమె వెనక ఆయన.

సామాను బెల్టు దగ్గర నలుగురం నిలబడ్డాం. పెట్టెలు ఇంకా రాలేదు. అత్త తువ్వాలు అంచు వేలికి చుట్టుకుంటూ తిరుగుతున్న బెల్టును చూస్తోంది. ఆమె ఏమీ అనకపోవడం తోడల్లుడికి కష్టంగా ఉంది.

"ఈసారి వేరే దోవలో తోలినట్టుండాడు అత్తా," అన్నాడు. "ఒక్కోసారి గాలిని బట్టి దోవ మారుస్తారు. ఊరు యాడికీ పోదు. ఇంగోసారి చూస్తాం."

"పోనీలే నాయనా," అంది అత్త. "నువ్వేం చేస్తావు. నా రాత." ఆయన భుజం తట్టింది కూడా.

ఊరు చూసే అవకాశం పోగొట్టినా ఆమె తట్టేది ఆ భుజమే. నేను వినగలిగింది అంతవరకే. ముప్పై మంది పిల్లల ముందు తప్పు లెక్క చేసి, అది వాళ్ల చేతనే ఒప్పనిపించుకునే మనిషిని చూసినట్టయింది. ఇరవై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని, తప్పు అలా వదిలేయడం నాకు చేతకాదు.

"దోవ మారలేదన్నా," అన్నాను. "దోవ అదే. మీరు చూసింది వచ్చేటప్పుడు. వచ్చేటప్పుడు కుడి పక్క ఉండేది పోయేటప్పుడు ఎడమ పక్కకు వస్తాది. చిన్నపిల్లోనికి గూడా తెలిసే లెక్క. మీరు ఫోనులో సీటు నొక్కిన రోజే నాకు తెలుసు, అది తప్పు పక్కని."

చెప్పేశాక ఎంత హాయిగా ఉందంటే, ఒకటి రెండు క్షణాలు నేను నవ్వి కూడా ఉంటాను.

తోడల్లుడు నోరు తెరిచాడు. లెక్క ఆయన మనసులో అటు తిరిగి ఇటు తిరగడం కనిపించింది. "అవును గదప్పా," అన్నాడు మెల్లగా. "నాకు తట్టనే ల్యా. అయ్యో, అత్తా, నాకు తట్టల్యా." ఆయన గొంతులో నేను ఇన్నేళ్లూ వినాలనుకున్న వంగుడు ఉంది. తీరా వింటే అది నాకు దక్కింది కాదు. ఆయన అత్తకు చెబుతున్నాడు.

అత్త మాత్రం ఆయన్ను చూడడం లేదు. నన్ను చూస్తోంది.

"నీది యా పక్క సీటు?"

"ఎడమ పక్క."

"నీకు కనపడిందా?"

అబద్ధం చెప్పవచ్చు. నా భార్య పక్కనే ఉంది.

"కనపడింది అత్తా."

"ఏం కనపడింది?"

"నీళ్లు. మన గుట్ట. రెండు తలలూ కనపడినాయి."

"గుట్ట కనపడిందా," అంది అత్త. మా పెట్టెలు రావడం మొదలైంది. ముందు తోడల్లుడి బ్యాగు వచ్చింది, మెడలో కొత్త చీటీతో. ఆయన దాన్ని తీసుకోలేదు, అది మా ముందునుంచి పోయింది. నా భార్య తల పక్కకు తిప్పుకుని బెల్టు వైపు చూస్తోంది. అత్త నా దగ్గరికి ఒక అడుగు వేసింది. గొంతు పెంచలేదు.

"నీ కడుపుమంటకు నా ఊరే దొరికిందేంరా?"